చేతులు తట్టినవాళ్లు

రాజపాళయం బస్టాండులో తళవాయిపురం బస్సు కోసం కూర్చున్నాను. ఏదో దేశంలో జనం తిరగబడి అధ్యక్షుడి భవనంలోకి దూసుకెళ్తున్న వీడియో ఫోనులో చూస్తుంటే ఒళ్లు పులకరించింది. పక్కనున్న నడివయసు మనిషి కూడా తొంగి చూసి, మొహం చేదుగా పెట్టాడు.

"నేను ఇట్లాంటిది కండ్లారా చూసినాను తంబీ," అన్నాడు.

ఆయన ఈజిప్టులో ఒక నూలు మిల్లులో ఫిట్టరుగా పనిచేశాడట. అక్కడి జనం పాలకుణ్ణి దించేసిన రోజు, తోటి కార్మికుడొకడు మిల్లు గోడమీది ఆ పాలకుడి పటాన్ని పీకి నేలకేసి కొట్టాడట. అందరూ వాణ్ణి భుజాలమీద మోశారట.

"అప్పురం, ఆ తర్వాత ఏమైనాది అన్నా?"

"ఓట్లేసినారు. కొన్నాళ్లకే పట్టాళం తుపాకులతో వచ్చి, గెలిచినాయన్ని జైల్లో ఏసినాది. మళ్లీ మిల్లుకి కొత్తగా గద్దెనెక్కినాయన పటం వచ్చినాది. దాన్ని ఆ పీకినవానితోనే తగిలింపించినారు. వాడు మేకు కొడతా ఉంటే, వాణ్ణి మోసినోళ్లే టపటపా చేతులు తట్టినారు."

"అట్లయితే తిరగబడేది దండగేనా?"

ఆయనకు కోపం వచ్చింది.

"దండగని నేను చెప్పినానా? ఆ కొన్నాళ్లు వాడు సూపర్‌వైజరు ముందర తలెత్తి మాట్లాడినాడు. వానిమీద నాకు కోపమేమీ లేదు. ఆ తట్టినోళ్లను మాత్రం మన్నించలేకున్నాను."

"మీరేం చేసినారు అన్నా?"

సేత్తూరు బస్సు వచ్చింది. ఆయన లేచి, రెండు అరచేతులూ పంచెకేసి గట్టిగా తుడుచుకున్నాడు.

"వీసా పోతాదని నేనూ తట్టినాను," అని బస్సెక్కాడు.