ట్రాంబోన్ కుర్చీ మీది చల్లగాలి

2022 నవంబరు. దుబాయ్‌లోని ఒక కచేరీ హాల్లో నేను ఏసీ టెక్నీషియన్‌ని. జర్మన్ సింఫనీ వాయించడానికి ఆర్కెస్ట్రా వచ్చింది. మూడు రోజుల రిహార్సల్ సజావుగా సాగింది. కచేరీ రోజు మధ్యాహ్నం మొదటిసారి మొత్తం వరసగా వాయించారు. అది అవగానే హెల్గా అనే జర్మన్ ఆవిడ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆవిడ వాయించేది ట్రాంబోన్, గొట్టాన్ని ముందుకీ వెనక్కీ జరుపుతూ ఊదే పొడవాటి ఇత్తడి బూర. కుర్చీ మీద చల్లగాలి పడి శ్రుతి తగ్గిపోయిందని ఫిర్యాదు.

మా సూపర్‌వైజర్ రాజేశం అన్న సొంతూరు జగిత్యాల. మీటర్ పట్టుకుని స్టేజంతా తిరిగాడు. ఎక్కడ చూసినా ఇరవై రెండు డిగ్రీలే.

"రీడింగ్ మంచిగనే ఉన్నది, ఖలాస్. మూడు దినాలు లేని చలి ఇయ్యాల్నే యాడికెల్లి వచ్చింది?" అన్నాడు. నాకూ అదే అనుమానం, కాస్త విసుగు కూడా.

ఆవిడనే అడిగాను. రిహార్సల్లో ట్రాంబోన్ల వంతు ముందే కానిచ్చి పంపేస్తారట, ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని. జర్మనీలో పూర్వం ఇవి చర్చిలో పాడేవాళ్ల గొంతుకు తోడుగా ఉండేవట. ఈ సింఫనీ రాసినాయన వాటిని చివరిదైన నాలుగో భాగం దాకా దాచిపెట్టాడు. అంతసేపూ ఖాళీగా కూర్చుంటే ఇత్తడి చల్లబడుతుంది, శ్రుతి దిగుతుంది.

"అరగంట తర్వాత మేం ముగ్గురం చాలా మెల్లగా, ప్రార్థనలా మొదలుపెట్టాలి. అక్కడ శ్రుతి తప్పితే హాలంతా వింటుంది" అంది.

వెళ్లి ఆ కుర్చీలో ఊరికే కూర్చున్నాను. పది నిమిషాలకు ఏమీ తెలియలేదు. ఇరవై నిమిషాలకు మెడ బిగుసుకుంది. డిఫ్యూజర్, అంటే గాలి దిగే జాలీ, సరిగ్గా నెత్తి మీదే ఉంది.

దాని డ్యాంపర్‌ను, అంటే గాలిని అదుపు చేసే రేకును, కొంత మూయాలి. ఎక్కువ మూస్తే గాలి ఈల వేస్తుంది. "ఈల ఇనవడ్డదనుకో, జిమ్మేదారి నీదే" అన్నాడు అన్న. సగానికి తక్కువే మూసి, పక్కవి రెండూ కాస్త తెరిచి, చెవి పెట్టి విన్నాను.

సాయంత్రం స్టేజి పక్కన నిలబడ్డాను. మూడు భాగాలు గడిచేదాకా ఈల వస్తుందేమోనని చెవి పెట్టి విన్నాను. అప్పుడు ట్రాంబోన్లు మెల్లగా అందుకున్నాయి. సంగీతం నాకు తెలియదు గానీ, మూడూ ఒకదానితో ఒకటి కలిశాయని మాత్రం తెలిసింది. ఈల లేదు. బయటికొచ్చాక హెల్గా ట్రాంబోన్‌ను నా చేతికి ఆనించింది. వెచ్చగా ఉంది.

మీటర్ పట్టుకుని తిరిగే మనిషికి ఆ చలి తెలియదు. అప్పటినుంచి ఎవరు చలి అన్నా ముందు వాళ్ల కుర్చీలో అరగంట కూర్చుంటాను. "కూసున్నందుకు జీతం తీస్కునేటోడు మావోడు" అని రాజేశం అన్న అందరికీ చెప్తుంటాడు. కాదనను.