రెండో మనిషి చూడాలన్న దేవదానం గారు

గత మంగళవారం ఉదయం డ్యూటీకి బూట్లు వేసుకుంటూ ఉండగా మా చర్చి సంఘపెద్ద ఫోను చేశారు. "సూరిబాబూ, దేవదానం గారు ప్రభువు దగ్గరికి ఎల్లిపోనారయ్యా. పొద్దున్న టీ తాగుతా గుండె పట్టుకున్నారంట" అన్నారు. "ఏ దేవదానం గారు?" అని అడిగాను. ఈ ఖరగ్‌పూర్‌లో నాకు తెలిసిన దేవదానం గారు ఒక్కరే. నాకు పని నేర్పిన గురువు ఆయన, నా పెళ్ళిలో తండ్రి స్థానంలో నిలబడిన మనిషి ఆయన. అయినా అడిగాను. ఒక కాలికి బూటుతో, ఒక కాలికి మేజోడుతో ఎంతసేపు అలా కూర్చున్నానో గుర్తు లేదు. ఆ రోజు డ్యూటీకి వెళ్ళలేదు.

ఆయన శిష్యుల్లో పెద్దవాణ్ణని సంస్మరణ రాసే బాధ్యత సంఘం వారు నాకే అప్పగించారు. ఆ పుణ్యాత్ముని గుణకీర్తన చేయడానికి నాకంటే అనర్హుడు మరొకడు లేడన్న సంగతి వారికి తెలియదు. అది దాచిపెట్టి రాస్తే ఇది ఉత్త పొగడ్త అవుతుంది. పొగడ్తంటే గురూగారికి ఒళ్ళుమంట. అందుకని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చిన కుటుంబం వారిది. ట్రాఫిక్ కాలనీలోని క్వార్టర్లో పుట్టి, ఆ కాలనీలోనే పెరిగి, నిమ్‌పురాలో వ్యాగన్లు బాగుచేసే షెడ్డులో ఫిట్టరుగా చేరి, అక్కడే పదవీ విరమణ చేశారు. కార్యదీక్ష, నిరాడంబరత, వాక్శుద్ధి మూర్తీభవించిన మనిషి. ఈ మాటలు ఆయన చెవిన పడి ఉంటే, "అయ్యేటిరా సూరీ, మన స్టోర్లో దొరుకుతాయా?" అని ఉండేవారు.

నేను చేరి ఆరు నెలలు కూడా కాని రోజుల్లో జరిగిన సంగతి. బ్రేకు కమ్మీలను కలిపే పిన్ను ఒకటి ఆయన స్వయంగా తయారుచేసి, కొలత సరిచూసే గేజీ నా చేతికిచ్చి, "సూసి పాస్ సెయ్యి" అన్నారు. "మీరు సేసినదాన్ని నేను సూసేదేటి గురూగారూ" అన్నాను, మర్యాద అనుకుని. ఆయన వెళ్ళి బల్ల మీద కూర్చున్నారు. వ్యాగను పని ఆగిపోయింది, చార్జిమేన్ వచ్చి కేకలేశాడు, ఆయన కదల్లేదు. చివరికి నేను గేజీ పెట్టి నాలుగు వైపులా చూసి, "తప్పేటీ నేదు గురూగారూ" అన్నాక లేచారు. "తప్పు నేదని నువ్వు సెప్పాల, నేను సెప్పకూడదు. సేసినోడి కంటికి తప్పు కనపడదురా. రెండో మనిషి సూడాల" అన్నారు. మా షెడ్డులో చేసినవాడు వేరు, పాస్ చేసేవాడు వేరు అన్నది అందరికీ తెలిసిన పద్ధతే. దాన్ని వ్రతంగా పాటించినవారు మాత్రం ఆయనొక్కరే.

పదవీ విరమణకు ముందు సంవత్సరం ఆయన సహధర్మచారిణి సంతోషమ్మ గారు స్నానాల గదిలో సబ్బునీళ్ళ మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ అయింది, నడక వచ్చింది, భయం మాత్రం పోలేదు. తడి నేల చూస్తే ఆవిడ కాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయేవి. క్వార్టరు ఖాళీ చెయ్యాల్సిన రోజు వచ్చేసరికి గురూగారు ఖరిదాలో ఒక బెంగాలీ కుటుంబం అమ్ముతున్న పాత ఇల్లు కొన్నారు. ఆ వంశంలో మొదటి సొంత ఇల్లు అది. "మీ అమ్మ ఎవుర్నీ పిలవకుండా, భయపడకుండా సొంతంగా తానం సేసి రావాల. ఆ ఇంట్లో నాకు కావాల్సింది అదొక్కటే" అన్నారు నాతో.

ఇల్లు బాగుచేయడం మొదలయ్యాక ఆయనలో నేనెన్నడూ చూడని కంగారు చూశాను. క్వార్టర్లలో బతికినవాళ్ళకు ఎంచుకోవడం తెలియదు. కుళాయి పాడైతే ఆఫీసులో చెప్పాలి, వాళ్ళకు వీలున్న రోజున వచ్చి వాళ్ళ దగ్గరున్న కుళాయి బిగిస్తారు. "షాపోడు ఏ రంగు గావాల అంకుల్ అంటే నాకు సెమట్లు పట్టేత్తన్నాయిరా. పుట్టి బుద్ధెరిగాక నన్నెవుడూ రంగు అడగనేదు" అన్నారు. ఆ కంగారుకు మందుగా షెడ్డు పద్ధతినే ఇంటికి తెచ్చుకున్నారు. వస్తువు ఆయన ఎంచుతారు, నేను పాస్ చెయ్యాలి. నేను చూడందే మేకు కూడా కొనరు.

అలా ఆదివారం ఆరాధన అయిపోగానే ఇద్దరం బయలుదేరేవాళ్ళం. ఖరిదా బజారులో మేం దాదా అని పిలిచే బెంగాలీ ఆయన హార్డ్‌వేర్ కొట్టు, గోల్‌బజార్లో టైల్స్ గోడౌను, హైవే మీద కొత్తగా వెలిసిన ఏసీ షోరూము. ఈ మూడింటి మధ్య ఎన్నిసార్లు తిరిగామో లెక్క లేదు. ఆయన సంచిలో ఎప్పుడూ ఒక సబ్బునీళ్ళ సీసా ఉండేది. షోరూములో అడుగుపెట్టిన మొదటి రోజే చెప్పులు విప్పి, ప్యాంటు మడిచి, తళతళలాడే టైలు మీద సబ్బునీళ్ళు పోసి ఒంటికాలి మీద నిలబడ్డారు. యూనిఫాం వేసుకున్న అమ్మాయి పరుగెత్తుకొచ్చి, "అంకుల్, యే డిస్‌ప్లే హై" అంది. "డిస్‌ప్లే మీద కాదు బేటీ, మా ఆవిడ టైలు మీద నడవాల" అని తన హిందీలో వివరించి, నా వైపు తిరిగి, "నువ్వూ ఎక్కు" అన్నారు. కొనడానికి వచ్చినవాళ్ళంతా చూస్తున్నారు. నేను బూట్లు విప్పాను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఖరిదా దాదా దగ్గర కథ వేరు. సబ్బునీళ్ళ సీసా చూడగానే అతను కౌంటరు దిగివచ్చి, లుంగీ ఎగ్గట్టి తానే టైలెక్కాడు. జారి నా భుజం పట్టుకుని, "వద్దు దాదా, ఇది తీసుకోవద్దు" అని తన సరుకు తానే కాదన్నాడు. గురూగారి ముఖం వెలిగిపోయింది. "సూసినావా, ఈడు మన షెడ్డులో ఉండాల్సినోడు" అన్నారు. కుళాయిలన్నీ అక్కడే కొన్నారు. కాలికి గరుకు తగిలే టైళ్ళు గోడౌనులో దొరికాయి. పట్టుకుని లేవడానికి గోడకు బిగించే స్టీలు రాడ్డు మాత్రం, మూడు చోట్లా చేతిలో పట్టి బరువు చూసి, షోరూములోదే మేలని తేల్చారు.

ఆ రాడ్డు దగ్గరే నా పతనం జరిగింది. టైలును షాపులో పరీక్షించవచ్చు. రాడ్డు సంగతి గోడకు బిగించాక గాని తేలదు. పాత సున్నపు గోడ, లోపల ఇటుక ఎలా ఉందో తెలియదు. తాపీపని వాళ్ళ మీద నమ్మకం చాలక రంధ్రాలు తానే వేసి, తానే బిగించారు. తాను చేసిన పని కనుక తాను పాస్ చెయ్యకూడదు. "ఒకసారి వచ్చి సూడు సూరీ" అని ఫోను చేశారు. అప్పటికి నాకు విసుగొచ్చేసింది. నెలల తరబడి ఆదివారాలు పోయాయి, ఇంట్లో సణుగుడు, డ్యూటీలో కొత్త బాధ్యతలు. రేపన్నాను, ఎల్లుండన్నాను. మూడోసారి ఫోను చేసినప్పుడు నోటికొచ్చిన అబద్ధం ఆడేశాను. "నిన్న మీరు చర్చికి వెళ్ళినప్పుడు వచ్చినాను గురూగారూ. పనోళ్ళు ఉంటే లోపలికెళ్ళి సూసినాను. గట్టిగుంది. పాస్." ఆయన, "అలగా. సరే నాయినా" అన్నారు.

గృహప్రవేశ ప్రార్థన రోజున భోజనాలయ్యాక ఆయన నా పక్కకు వచ్చి నిలబడ్డారు. "ఇల్లంతా సూసినావా?" అని అడిగారు. "సూసినాను గురూగారూ." "తానాలగది ఇంకోపాలి సూడరాదా?" "మళ్ళీ ఎందుకండీ, అప్పుడు సూసినాను కదా" అన్నాను. పది అడుగుల దూరంలో ఉంది ఆ గది. వెళ్ళి చూస్తే అంతకుముందు చూడలేదని ఒప్పుకున్నట్టవుతుందని నా భయం. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "బిర్యానీ తిన్నావా" అని మాట మార్చేశారు. ఆ తర్వాత నాలుగు నెలలు నేను ఆ ఇంటి ఛాయలకు వెళ్ళలేదు. ఫోన్లో, చర్చిలో పలకరింపులతో సరిపెట్టాను.

సమాధి కార్యక్రమం అయిన మూడో రోజు మధ్యాహ్నం సంతోషమ్మ గారిని చూడటానికి వెళ్ళాను. బంధువులు వెళ్ళిపోయారు. ఆవిడ కుర్చీని ముందుకు నెట్టుకుంటూ, దాన్నే ఆసరా చేసుకుని గదిలో నడుస్తున్నారు. కాసేపు మాట్లాడాక, "నాయినా, పక్కింటి దీదీని ఒక్కసారి పిలువు. నన్ను తానాలగదిలోకి పట్టుకెళ్తాది" అన్నారు. "లోపల రాడ్డు ఉంది కదమ్మా?" అన్నాను. ఆవిడ నా వైపు చూసి, చాలా మామూలుగా, "అది పాస్ కానేదు కద నాయినా" అన్నారు.

ఆవిడే చెప్పారు. నేను వచ్చానన్న ఆ ఆదివారం పనివాళ్ళెవరూ రాలేదు. ఇంటికి తాళం ఉంది, తాళంచెవి ఆయన జేబులో ఉంది. "ఫోను పెట్టేసి, ఆడు సూడనేదు సంతోషం అన్నారు. ఆడొచ్చి సూసేదాకా నువ్వు దాన్ని ముట్టుకోవద్దు అన్నారు. ఇంకెవుర్నైనా పిలవరాదా అన్నాను నేను. సూరి సూసినాను అన్నాక ఇంకొకడికి సూపిస్తే, ఆడు అబద్ధం ఆడినాడని ఊరికి సెప్పినట్టే కదా అన్నారు. ఆడే వస్తాడులే అన్నారు. ఈ నాలుగు నెల్లూ ఆయనే నా సెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, గుమ్మంలో నిలబడి, మళ్ళీ తీసుకొచ్చేవారు."

ఆ మాటల్లో నా మీద నింద లేదు. ఉంటే బాగుండేది. కోపంతో నాలుగు తిట్టి ఉంటే ఆయన కాళ్ళు పట్టుకునే అవకాశం నాకు దొరికేది. నా పరువు కాపాడటానికి ఆ వృద్ధుడు రోజూ గుమ్మంలో నిలబడ్డాడు. నేను నా ఇంట్లో హాయిగా కూర్చున్నాను. ఇలాంటి గురువు ఎవరికైనా మళ్ళీ దొరుకుతాడా? నాకైతే దొరకడు, దొరికే అర్హతా లేదు.

లోపలికి వెళ్ళాను. బోల్టుల చుట్టూ గోడను వేళ్ళతో కొట్టి చూశాను. రాడ్డును రెండు చేతులతో పట్టుకుని, కాళ్ళు ఎత్తి, నా బరువంతా వేసి వేలాడాను. పక్కకు లాగాను, పైకి నెట్టాను. వెంట్రుకవాసి కదల్లేదు. బిగించిన రోజు నుంచీ అది అలాగే ఉంది. ఆ గోడకు తల ఆనించి, దాన్ని బిగించిన ఆ చేతులకు మనసారా నమస్కరించాను. బయటికి వచ్చి, "పాస్ అమ్మా" అన్నాను.

"బాగా సూసినావా?" అని అడిగారు సంతోషమ్మ గారు. నన్ను ఆవిడ అలా అడగడం అదే మొదటిసారి. "సూసినానమ్మా" అన్నాను. ఆవిడ కుర్చీ వదిలి, గుమ్మం దాటి, రాడ్డు పట్టుకుని రెండడుగులు వేశారు. ఆగి, పట్టు బిగించి, మరో అడుగు వేశారు. దీదీని పిలవనక్కర్లేకపోయింది. అక్కడే నిలబడి, వెనక్కి తిరగకుండా అన్నారు:

"గట్టిగానే ఉంది నాయినా. స్టీలు కద, మరీ సల్లగుంది."