తలుపు వెనక తిరిగిన మెషిన్

విడాకుల ఆర్డరులో నాకు చెప్పిన పని ఒక్కటే. ఆమె కుట్టుమెషిన్ నెల రోజుల్లో తిరిగిచ్చెయ్యాలి. ఇవ్వలేదు. రోడ్డు బాగాలేదని ఒకసారి, జీపు దొరకలేదని ఒకసారి కబురు పంపాను. అది ఇంట్లో ఉన్నంతకాలం ఆమె రాక తప్పదనుకున్నాను. తొంభైల చివరి మాట ఇది.

అప్పటికామె డుంబ్రిగుడలో గది తీసుకుని ఉంటోంది. జూన్‌లో బడులు తెరిచేలోగా హాస్టలు పిల్లల యూనిఫారాలు కుట్టే పని, మెషిన్ ఉంటే ఆమెకిస్తామన్నారు. ఆ సంగతి నాకు తెలుసు.

ఆమె వచ్చిన పొద్దున మబ్బు గుమ్మం దాకా దిగి ఉంది. బయటినుంచి ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచారు. పదకొండేళ్ల కాపురంలో ఆమె నన్ను "మాస్టారూ" అనే పిలిచింది. ఆ గొంతులో నా పేరు చచ్చినవాడి పేరులా వినిపించింది. మనుషులు కానివి రెండుసార్లే పిలుస్తాయనీ, మూడో పిలుపుకి గానీ పలకకూడదనీ మావైపు అంటారు. తలుపు తియ్యలేదు. రెండో పిలుపు వచ్చింది. మూడోది రాలేదు. అప్పుడు చూసుకున్నాను. మెషిన్ ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాను. నా పాదాలు తొక్కుడు పలక మీదున్నాయి. చక్రం తిరుగుతోంది.

ఆమె మళ్లీ కోర్టుకెక్కింది. మెషిన్ ఆమే ఎప్పుడో పట్టుకుపోయిందని నేను జవాబు రాయించాను. అబద్ధం. తలుపు వేసిన ఇంట్లో అది తిరగడం విన్నానని ఆమె చెబితే, దెయ్యం జాకెట్టు కుట్టుకుంటోందేమో అన్నాడు మా వకీలు. అందరూ నవ్వారు. జడ్జిగారు మాత్రం నావైపు చూసి, "దెయ్యం కుట్టాలన్నా ఇంట్లో మెషిన్ ఉండాలి కదా," అన్నారు.

మెషిన్‌తో పాటు ఆమె వకీలు ఫీజు కూడా నేనే కట్టాలని ఆర్డరు వేశారు. నా మొండితనం వల్లే ఆమె రెండోసారి వకీలును పెట్టుకోవలసి వచ్చిందని అందులో రాశారు. కాదనడానికేమీ లేదు.

ఫీజు కోర్టులో కట్టి, మెషిన్ జీపులో వేసుకుని వెళ్లేసరికి ఆగస్టు వచ్చేసింది. యూనిఫారాల పని సాలూరు దర్జీకి పోయింది. ఆమె గుడ్డముక్క పెట్టి తొక్కి చూసింది. కుట్టు బాగానే పడింది.

ఆ రోజు మూడోసారి ఎందుకు పిలవలేదని అడిగాను.

"లోపల మెషిన్ ఆడింది కదా. మీరున్నారని తెలిసిపోనాది," అంది. తర్వాత దారం తెంపుతూ, "వకీలు ఫీజు కట్టీసారు, సరే మాస్టారూ. నా జూన్ నెల ఎవులు కడతారు?"

జీపులో ముందు సీటు ఖాళీగానే ఉంది. మెషిన్ తెచ్చిన వెనకభాగంలోనే, ఇనుప రేకు మీద కూర్చుని ఇంటికి వచ్చాను.