కోరలు తీసిన నాగు

ఎల్లారెడ్డి చుట్టుపక్కల పాములు పట్టడంలో సాయన్నను మించినవాడు లేడు. ఇది నా మాట కాదు, ఇంట్లో పాము దూరిన ప్రతి ఒక్కరి మాట. అయితే పేరు కూడు పెట్టదు కదా! నాగపంచమికి పామును ఊరూరా తిప్పి బియ్యం తెచ్చుకునే బతుకు, కేసులు పెడతారన్న భయంతో ఆగిపోయింది. అరవై దాటినవాణ్ణి కూలికి మాత్రం ఎవరు పిలుస్తారు?

2012 వానాకాలంలో ఒక కబురు వచ్చింది. కామారెడ్డి అవతల పాములనూ మొసళ్లనూ కాపాడి పెంచే పార్కు పెట్టారట, పాముల సంగతి తెలిసిన మనిషి కావాలట. సాయన్న భార్య గంగవ్వకు ప్రాణం లేచొచ్చింది.

"ఉత్త చేతులతోని పోతవా? ఓ మంచి నాగును పట్టుకపో. నీ పనితనం ఆళ్లకు ఎర్కైతది" అంది.

రెండు రోజులు పొలం గట్లన్నీ తిరిగి మంచి నాగును పట్టాడు. అలవాటు కొద్దీ గుడ్డ కరిపించి, కోరలు లాగేశాడు.

ఆ అలవాటు ఊరికే రాలేదు. ఇరవై ఏళ్ల కింద, కోరలు తీయని పాము బుట్టను గుడిసెలో పెట్టి బయటికెళ్లాడు. ఆరేళ్ల కొడుకు సీతారాం ఆడుకుంటూ మూత తీశాడు. ఒక్కడే కొడుకు. దక్కలేదు. ఆనాటి నుంచి కోరలున్న పామును సాయన్న గడప దాటనివ్వలేదు. పండుగ అయ్యాక ప్రతి పామునూ చెరువు గట్టున వదిలి, "పో బిడ్డా, బతుకు" అని దండం పెట్టేవాడు. ఆ పుణ్యం సీతారాంకు చేరుతుందని అతని నమ్మకం.

పార్కులో ఇసుకలో దాచిన తాబేలు గుడ్లు, తొట్టిలో మొసలి పిల్లలు, కొండచిలువకు ప్రత్యేకంగా ఒక గది. "పాములకు గిన్ని సౌలతులా!" అని సాయన్న నోరు తెరిచాడు. అంతలో అక్కడి అధికారిణి వచ్చింది. బుట్ట మూత తీయగానే నాగు పడగ విప్పింది. ఆమె దాన్ని ఒడుపుగా పట్టి నోరు తెరిచి చూసింది. ముఖం మాడిపోయింది.

"కోరలు ఎవరు తీశారు?"

"నేనే మేడం. బస్సుల పిల్లగాండ్లుంటరు. ఎవ్వరికేం గావద్దని తీసిన." ఆ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది, పాపం.

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది! పుండు కుళ్లుతుందనీ, నోరు వాచి మింగలేక పాము ఆకలితో వారాల తరబడి మాడి చస్తుందనీ ఓపికగా చెప్పింది. "దీనికి మందు వేసి చూస్తాం. కానీ ఈ పని చేసేవాళ్లను ఇక్కడ పెట్టుకోలేం తాతా."

పని లేదన్న మాట సాయన్న చెవికెక్కనే లేదు.

"మరి చెరువుకాడ ఇడిసినయి? అయి బతికినయి గదా మేడం? సర్రున పోయినయి, నా కండ్లతోని చూసిన."

ఆమె నాగును మెల్లగా బుట్టలోకి దించింది. "పోతాయి తాతా. తినలేవు."

పొద్దు గూకే వేళకు ఇల్లు చేరాడు. గంగవ్వ మంచినీళ్లతో ఎదురొచ్చింది. "ఏమన్నరు? పనిచ్చిండ్రా?"

సాయన్న గడప మీదే కూలబడ్డాడు. "మన సీతారాం పేరు మీద ఇడిసిన పాములు... అన్నీ ఆకలికి సచ్చినయంటనే."

గంగవ్వ చెంబు కింద పెట్టి, కొడుకు పోయిన నాడు ఏడ్చినట్టే ఏడ్చింది.