మా బావ కంప్యూటర్‌కు రేడియేటర్ కట్టిన వేసవి

మొన్న కొత్త కంప్యూటర్ కొన్నాను. ఉప్పల్ చౌరస్తా దగ్గరి షాపతను దాన్ని తెచ్చి, మేడ మీద నా గదిలో బిగించి, పక్క గాజు పలకలోంచి మెరుస్తున్న పైపులు చూపిస్తూ, "ఇది వాటర్ కూలింగ్ మేడమ్. నీళ్లతోటి సల్లగైతది. లేటెస్ట్" అన్నాడు. నాకు నవ్వాగలేదు. పాపం, తానేదో తప్పు మాట్లాడాడనుకుని అతని ముఖం చిన్నబోయింది. కూర్చోబెట్టి టీ ఇచ్చి, ఈ లేటెస్టు మా ఇంట్లో ఏడెనిమిదేళ్ల కిందటే వచ్చి పాతబడిందని చెప్పాను. నమ్మలేదు. టీ మాత్రం తాగాడు.

మా అక్క భర్త కార్ల మెకానిక్. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో రేకుల షెడ్డు, దాని వెనక విప్పేసిన పాత కార్ల సామాను గుట్ట. ఆ గుట్ట అంటే ఆయనకు ప్రాణం. మా అక్కకు తలనొప్పి. పనిలో మహా పట్టుదల మనిషి. ఇంజన్ తగినంత వేడెక్కేదాకా రేడియేటర్‌కు నీళ్లు పోనివ్వకుండా ఆపే చిన్న వాల్వు ఒకటి ప్రతి కారులోనూ ఉంటుంది. మన ఎండలకు ఇదెందుకని చాలామంది మెకానిక్కులు దాన్ని పీకి పారేస్తారు. మా బావ అలా కాదు. "వాల్వు లేని బండి నా షెడ్డు గడప దాటది" అనేవాడు. తీసేసిన వాళ్లను తిట్టి మరీ కొత్తది వేయించేవాడు. నాకు ఆయన మీద ఎంత గౌరవమో, ఆయన్ని ఆటపట్టించడమంటే అంత సరదా. ఆయన మాత్రం ఊరుకుంటాడా? నేను బడిలో ఉద్యోగం మానేసి ఇంట్లోనే పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం మొదలుపెట్టినప్పుడు, "ఊరోళ్ల పెండ్లిళ్లన్నీ నువ్వే జేస్తున్నవ్, కట్నకానుకలు మాత్రం వాళ్లకా?" అని నెలరోజులు ఏడిపించాడు.

ఆ వేసవిలో ఆయన కూతురి పెళ్లి కుదిరింది. ఫొటోలు, వీడియో తామే మాట్లాడుకుంటామని మగపెళ్లివారు అన్నారట. "అక్కర లేదు బావగారు, మా మరదలున్నది. రిసెప్షన్ నాడు తెర మీద సినిమా లెక్క పడ్తది, సూడున్రి" అని మా బావ నిండు సభలో మాటిచ్చేశాడు. నాకు ఒక్క ముక్క చెప్పలేదు మహానుభావుడు! అక్క చెబితే తెలిసింది. పెళ్లి ఒక ఆదివారం, మేడిపల్లి ఫంక్షన్ హాలు ఖాళీ లేక రిసెప్షన్ మరుసటి ఆదివారం. మధ్యలో వారమే. కష్టపడి గురువారానికి ఎడిటింగ్ ముగించాను. ఇక కంప్యూటర్ ఆ ముక్కలన్నీ కలిపి ఒక్క సినిమాగా తయారుచేయాలి. అది గంటల తరబడి దమ్ము బిగబట్టి చేయాల్సిన పని. నా గది మీద స్లాబు, స్లాబు మీద మే నెల సూర్యుడు. నలభై శాతం దాకా వచ్చి కంప్యూటర్ వేడికి తాళలేక టప్పున ఆరిపోయింది. మళ్లీ పెట్టాను, మళ్లీ ఆరిపోయింది. డబ్బా మూత తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టినా అంతే. ముహూర్తాల సీజన్ కదా, తెలిసిన స్టూడియోల్లో ఒక్క మిషన్ ఖాళీ లేదు.

శుక్రవారం పొద్దున బావకు ఫోన్ చేసి నిజం చెప్పేశాను. ఏడుపొచ్చేసింది కూడా. తెర మీద బొమ్మ పడకపోతే వియ్యాలవారి ముందు ఆయన తలెత్తుకోలేడు. ఆ పాపం నాదే. ఆయన, "వేడెక్కి బంద్ అయితున్నదా? గంతే గద! అది నా పనే" అన్నాడు. ఆ ధైర్యం ఎక్కడిదో నాకిప్పటికీ తెలియదు.

సాయంత్రానికి సంచి నిండా సామానుతో దిగాడు. అందులో ముఖ్యమైనది పాత కారు హీటర్‌లోంచి తీసిన చిన్న రేడియేటర్, పుస్తకమంత ఉంది. "ఇరవై ఏండ్ల బండి మరదలా, గిది మాత్రం కొత్త పెండ్లికూతురే. హైదరబాద్‌ల హీటర్ ఎవడేస్తడు?" అని మురిసిపోయాడు. నిజమే, మన ఊళ్లో పాతబడకుండా పాతసామాన్లోకి పోయే వస్తువు అదొక్కటే. నీళ్ల కోసం, కారు అద్దానికి నీళ్లు చిమ్మే వైపర్ల డబ్బా మూతి కోసి పెట్టాడు. లేతు మిషన్ దగ్గర ఒక రాగి దిమ్మను లోపల తొలిపించి, నీళ్లు వచ్చేందుకు ఒక మూతి, పోయేందుకు ఒక మూతి పెట్టించాడు. అది కంప్యూటర్ గుండె మీద కూర్చుంటుంది. నీళ్లు తిప్పే మోటారు మా అక్క ఇంటి కూలర్‌ది. మే నెలలో కూలర్ మోటారు పీకిన మగవాడు ఆ ఇంట్లో అన్నం ఎలా తిన్నాడో నేనడగలేదు. శనివారమంతా కింద పేపర్లు పరిచి, పైపులకు క్లిప్పులు బిగించి, ఎక్కడన్నా చుక్క కారుతుందేమోనని గుడ్లప్పగించి చూశాడు. ఒక్క చుక్క కారలేదు.

ఆదివారం తొమ్మిదింటికి పూజ. కొత్త బండి తీస్తే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలి కదా! కంప్యూటర్‌కు చక్రాలేవీ? బావ గదంతా కలియజూసి, నా కుర్చీ చక్రాల కింద పెట్టాడు, ఐదు చక్రాలకు ఐదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి అక్క చేత వెనక నుంచి తోయించాడు. ఐదూ చితికాయి, గదంతా నిమ్మ వాసన. నవ్వుకుంటూనే పని మొదలుపెట్టాను.

పది నిమిషాలు కాలేదు, కంప్యూటర్ ఆరిపోయింది. ఇదివరకు రెండు గంటలు నడిచేది, ఇప్పుడు పది నిమిషాలు! బావ మోటారు దగ్గర చెవి పెట్టి విన్నాడు, తిరుగుతూనే ఉంది. అప్పుడు మా అక్క, ఏమీ తోచక, పైపులు పట్టుకుని చూసింది.

"గిదేందయ్యా? ఈ పైపు సెయ్యి కాలుతున్నది, గా పైపు సల్లగున్నది. నీళ్లు వోతున్నయా అసలు?"

బావ ముఖం చూడాలి! ఒక పైపు వేడి, ఒక పైపు చల్లన అంటే జబ్బేమిటో ఆయన వందల మందికి చెప్పి ఉంటాడు. మెల్లగా, "వాల్వు తెరుసుకోలే" అన్నాడు.

"వాల్వా? దీనికి కూడా వెట్టినవా బావా?"

"వెట్టకుంటెట్ల మరదలా? ఎనభై రెండు డిగ్రీలు వస్తెనే అది తెరుసుకుంటది. ఇంజన్ వేడెక్కాలె గద."

"ఇది ఇంజన్ కాదు బావా! ఎనభై రెండంటే దీనికి పానం మీదికొచ్చినట్టే. అప్పటిదాంక నీళ్లాపి కూసుంటవా?"

అక్క చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ కింద కూర్చుని, క్లిప్పు వదులు చేసి, రూపాయి బిళ్లంత వాల్వును బయటికి తీసి, తుడిచి జేబులో వేసుకున్నాడు. "ముప్పై ఏండ్లల్ల ఒక్క బండికి తియ్యలే. నాచారంల ఎవ్వనికి జెప్పకు" అన్నాడు.

పదకొండింటికి మళ్లీ మొదలు. ముగ్గురం తెర మీది అంకెనే చూస్తూ కూర్చున్నాం. నలభై దగ్గర ఎవరూ ఊపిరి పీల్చలేదు. నలభై ఒకటి వచ్చింది. నలభై రెండు వచ్చింది. అక్క లేచి వెళ్లి పులిహోర తెచ్చింది, బావ రెండు పైపులూ పట్టుకుని వైద్యుడిలా నాడి చూస్తూ ఒంటి చేత్తో తిన్నాడు. నాలుగున్నరకు నూరు! ఆ మనిషి నా గదిలో గంతులేశాడు. నేనూ వేశాను.

రాత్రి హాల్లో బొమ్మ పడింది. వియ్యంకుడు తానే లేచి చప్పట్లు కొట్టాడు, బావ మీసం దువ్వాడు. సినిమా చివర అప్పగింతలు. అందరూ పెళ్లికూతురి చుట్టూ ఏడుస్తుంటే, పది అడుగుల దూరంలో పూలు కట్టిన కారు బానెట్ ఎత్తి, తల లోపల పెట్టి, చాలాసేపు అలాగే వంగి ఉన్న ఒక మనిషి. నేను మెట్ల మీది నుంచి తీశాను. ముఖం కనపడదు, భుజాలు కనపడతాయి. ఉంచాలా తీసేయాలా అని తర్జనభర్జన పడి ఉంచేశాను. ఆ ముక్క తెర మీద పడింది. పిల్ల స్టేజి దిగి, బరువు చీర ఎత్తిపట్టుకుని, నాన్న దగ్గరికి వచ్చింది.

"నీళ్లున్నయో లేవో సూస్తున్న బిడ్డా" అన్నాడు బావ.

"అది కొత్త బండి డాడీ" అంది పిల్ల.

అప్పుడు ఏడ్చాడు మా బావ, బిడ్డను పట్టుకుని, నాలుగొందల మంది ముందు, దాచుకోకుండా, మధ్యలో నవ్వుతూ. పెళ్లినాడు చేతకాని ఆ పనికి కాలం ఆయనకు ఒక వారం గడువిచ్చింది. కాలం అంత ఉదారంగా ఉండడం నేను ఎక్కువసార్లు చూడలేదు.