చీర మడతలో తేనె వాసన

కార్తీకమాసం, రెండో శుక్రవారం, పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలు. గోడ గడియారం నేనే చూశాను. హిందూపురంలో బట్టల వ్యాపారం చేసే ఒకరి ఇంట్లో, పెళ్లికూతురి తల్లి మేము తెచ్చిన చీరను ముక్కు దగ్గర పెట్టుకుంది. రెండుసార్లు పీల్చింది. చీరను చాప మీదికి జారవిడిచి, "ఇది ఎవురో కట్టి ఇప్పిన చీర" అంది.

అది ముహూర్తం చీర. ధర్మవరంలో మా ఇంట్లో, మా కోడలు ఇరవై రెండు రోజులు మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని నేసింది. ముహూర్తానికి ఇచ్చే చీరను ఇంకొకరు ఒంటికి చుట్టుకున్నారనే మాట ఒక్కసారి బయటికి పోతే, ఆ మగ్గం దగ్గరికి ఇంకో పెళ్లివాళ్లు రారు. పోయేది నేసినామె పేరు. నా కోడలి పేరు ఆ రోజు ఆ చాప మీద పడి ఉంది.

వాసన ఎక్కడిదో ముందు చెప్పాలి.

దసరా అయిన వారానికి పెనుకొండలో మా చెల్లెలి ఇంటికి పోయాను. అది నన్ను దర్గా వీధికి తీసుకుపోయింది. అక్కడ ఒక ముసలాయన అత్తర్లు అమ్ముతాడు. చిటికెన వేలంత సీసాలు, ఒక్కోదానికి ఒక కాగితం ముక్క, దాని మీద తెలుగులో పేరు. నేను అక్షరాలు యాభై ఏడో ఏట నేర్చుకున్నాను, మా మనవరాలి రెండో తరగతి పుస్తకం ముందు పెట్టుకొని. అప్పటినుంచి ఏ కాగితం కనబడినా చదవకుండా వదలను. చదివినదాన్ని నమ్మను కూడా. చదువు రానప్పుడు రాసిందంతా నిజమే అనుకునేదాన్ని. ఎవరు పడితే వాళ్లు, ఏది పడితే అది రాయగలరని రాయడం వచ్చాకనే తెలిసింది.

ఒక సీసా మీద 'తేనె' అని ఉంది.

"ఇది తేనేనా?" అని అడిగాను.

"తేనె వాసనమ్మా."

"తేనె ఏసి చేసినారా?"

"తేనె ఏయలా. వాసన మాత్రం తేనెది."

"తేనె లేకుండా తేనె వాసన ఎట్లొస్తాది?"

"మీది ధర్మవరం కదమ్మా. గులాబి రంగు చీరలో గులాబీలు ఏసి నేస్తారా?" అన్నాడు.

మా చెల్లెలు పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అయినా చెయ్యి చాచాను. దూది పుల్లతో నా మణికట్టు మీద రాశాడు. మొదట ముక్కు ముడుచుకునేంత పులుపు. ఆ వెంటనే మైనం, పొగ, కొంచెం తడిసిన దూడ వాసన. నేను కదలకుండా నిలబడిపోయాను. నా చిన్నప్పుడు మా నాయన కొండకు పోయి తేనెపట్టు తెచ్చేవాడు. ఆకులో చుట్టి, తలగుడ్డలో కట్టుకొని, చేతులంతా వాచిపోయి వచ్చేవాడు. సీసాలో కొన్న తేనె మాత్రమే తెలిసినవాళ్లకు తేనె అంటే తీపి, అంతే. పట్టును పిండి తిన్నవాళ్లకు అందులో పిల్లపురుగులు, పొగ, చెమట అన్నీ ఉంటాయని తెలుసు. ఆ ముసలాయన దేంట్లోంచి తీశాడో గానీ మా నాయన తలగుడ్డను సీసాలో పెట్టాడు. నాకు అనుమానం ఇంకా ఎక్కువైంది. తేనె చుక్క లేకుండా ఇంత నిజంగా ఉందంటే ఇందులో ఏదో మోసం ఉండాలి. మోసమైనా సరేనని కొన్నాను.

ఇంట్లో ఎవరి ముక్కు వాళ్లది. మా మనవరాలు నా చెయ్యి పట్టుకొని, "అవ్వా, నిన్ను కొరుక్కోని తినాలనిపిస్తాంది" అంది. మా కొడుకు గుమ్మంలోనే ఆగి, "యాడో పిల్లోడు పక్క తడిపినట్టుండాదే, చాప ఎండలో ఏయండి" అన్నాడు. పక్కింటామె బీడీ వాసన అంది. కోడలు మాత్రం ఏమీ అనలేదు. బాగుందనీ అనలేదు, కంపు అనీ అనలేదు. తిట్టేవాళ్లు సరే, నోరు మూసుకున్నవాళ్ల మీదనే నాకు అనుమానం.

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. పెట్టింది నేనే. మగ్గం ఉన్న గదిలోకి ఏ వాసనా పోకూడదు. పట్టు దగ్గర ఏది పెడితే దాని వాసన పీల్చుకుంటుంది, ఒక పట్టాన వదలదు. అందుకే పోపు పెట్టేటప్పుడు ఆ గది తలుపు వేయాలి. అగరొత్తి దేవుడి దగ్గరే వెలగాలి. కోడలు పెళ్లై వచ్చిన కొత్తలో మల్లెపూలు పెట్టుకొని మగ్గంలో కూర్చోబోతే, ఆమె జడలోంచి మాల నా చేత్తోనే తీసి కిటికీలో పెట్టాను. మళ్లీ పెట్టుకోలేదు. మరి నువ్వు అత్తరు పూసుకోవచ్చా అంటే, నేను మగ్గంలో కూర్చోను కదా అనుకున్నాను. నా పని చీర మగ్గం దిగాక. బుటాల వెనకవైపు జరీ పోగులు వేలాడుతుంటాయి. చీరను ఒళ్లో పరుచుకొని, చిన్న కత్తెరతో ఒక్కొక్కటే కత్తిరించాలి. రెండు రోజులు పడుతుంది.

అత్తరు సీసా నా ట్రంకుపెట్టెలో పెట్టుకున్నాను. అత్తరు ఎంతవరకు ఉందో అక్కడ ఎర్ర పట్టు దారం ఒకటి చుట్టి ముడివేశాను. పది రోజులకు చూస్తే దారానికి అంగుళం కిందికి దిగింది. ఎవరో తీస్తున్నారు. మనవరాలికి పెట్టె మూత ఎత్తేంత బలం లేదు. కొడుకు ఆ వాసనకు ఆమడ దూరం. మిగిలింది ఎవరో చెప్పక్కరలేదు.

ఆ వారంలోనే ఇంకొకటి చూశాను. పోగుల కత్తిరింపు అయిపోయిన మధ్యాహ్నం నేను బయటినుంచి వచ్చేసరికి, కోడలు వెలుతురు కోసం గుమ్మంలో నిలబడి, ముహూర్తం చీరను భుజం మీద వేసుకొని ఉంది. మనవరాలు ఫోన్‌తో ఫోటో తీస్తోంది. నన్ను చూడగానే కోడలు చీర తీసి మడత పెట్టింది. ఏమిటని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. కడుపులో పెట్టుకున్నాను.

శుక్రవారం పొద్దున ఇద్దరం ధర్మవరంలో రైలెక్కాం. చీర సంచి నా ఒళ్లో. పెనుకొండ దాటాక ఎదుటి సీటామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. మరుగుదొడ్డి తలుపు ఎవరో తీసిపెట్టారనుకొని, లేచిపోయి దాన్ని గట్టిగా మూసి వచ్చాను.

హిందూపురంలో ఆ ఇంట్లో అందరూ మాకోసం కాచుకొని ఉన్నారు. పెళ్లికూతురి తల్లి, మంచం మీద కూర్చున్న పెళ్లికూతురి అవ్వ, పెళ్లికూతురు. చీర కొసనున్న రవిక ముక్కను కత్తిరించడానికి టైలర్ కూడా వచ్చి, కత్తెర బయట పెట్టుకొని కూర్చున్నాడు. ఆ ముక్క తెగితే చీర వాళ్లదే. తెగకముందే ఆ తల్లి వాసన చూసి ఆ మాట అంది.

నేను గొంతు పెంచి, మా ఇంట్లో అట్లాంటివి జరగవని అనాలి. అత్త అన్నాక ఆ మాత్రం అనాలి. నేను కోడలి వైపు తిరిగి, అందరి ముందూ, "ఏమ్మా, కట్టినావా?" అన్నాను.

"లేదత్తా."

"భుజం మీద ఏసుకోలా? నేను చూడలా?"

"ఏసుకున్నా. ఫోటో పంపమని వీళ్లే అడిగిరి."

పెళ్లికూతురు, "అవునమ్మా, కొంగు ఎట్ల పడతాదో చూడాలని నేనే అడిగినా" అంది.

"భుజం మీద ఏసుకున్నామెకు నడుముకు చుట్టుకోవాలని ఉండదా?" అంది తల్లి.

మంచం మీది అవ్వ చెయ్యి చాచి చీర తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకొని చాలాసేపు ఉంది. "కట్టిన చీర చెమట వాసన వస్తాది. ఇది చెమట కాదు."

"మరేంది?"

"ఎలుక."

"మా ఇంట్లో ఎలుకల్లేవు" అన్నాను.

టైలర్ ముందుకు వంగి, "నాకైతే తేనె మాదిరి ఉండాదమ్మా" అన్నాడు.

"నిన్ను పిలిచింది కత్తిరించేదానికి. ముక్కు పెట్టేదానికి కాదు" అంది తల్లి.

తేనె అనే మాట వినగానే నా లెక్క అంతా కుదిరిపోయింది. సీసాలో అత్తరు తగ్గింది. చీర భుజం మీద ఉంది. ఇప్పుడు చీరకు తేనె వాసన. "నా పెట్టెలో సీసా తీసినావు. పూసుకొని చీర చుట్టుకున్నావు. అంతేనా కాదా?" అన్నాను.

కోడలు నా మొహం చూసింది. ఏదో అనబోయి ఆగింది. తల వంచుకొని చాప అంచు చూస్తూ కూర్చుంది. దొంగ కాబట్టే మాట రాలేదని నేననుకున్నాను.

"ఏం సీసా?" అంది అవ్వ.

"అత్తరు. ఇదో, ఇట్లుంటాది" అని నా చెయ్యి ఆమె ముక్కు ముందు పెట్టాను. నిజం చెప్పాలంటే కొంచెం గొప్పగానే పెట్టాను.

ఆమె నా మణికట్టు వాసన చూసింది. చీర చూసింది. మళ్లీ నా మణికట్టు. "ఏమే, పోగులు కత్తిరించేదానికి ఈ చీరను ఒళ్లో పెట్టుకోని కూచున్నదెవురు?"

పోగులు కత్తిరించేటప్పుడు నా కుడి చెయ్యి ఎక్కడుంటుందో అప్పుడు గుర్తొచ్చింది. కత్తెర కదలకుండా ఉండాలంటే మణికట్టు గుడ్డ మీద ఆనించాలి. ఒక్కో బుటా వెనక ఒక్కోసారి, రెండు రోజులు. కోడలి వంచిన తల చూశాను. ఆమెకు మొదటినుంచీ తెలుసు.

చీరను నేనే విప్పాను. నడుములో దోపుకునే కొస తీసి పెళ్లికూతురి తల్లికి ఇచ్చాను. "కట్టింటే మొదట ఈడ తగలాల. వాసన చూడు. మడత నలిగిందేమో కూడా చూడు." ఆమె చూసింది. ఏ వాసనా లేదు, ఒక్క ముడత లేదు. కొంగు వైపు తిప్పి, వెనకవైపు, బుటాల కింద చూపించాను. ఒక్కోచోట గుప్పుమంది.

"నా చెయ్యి ఆనినచోటల్లా ఉండాది. పైవైపు చూడు, లేదు. నేనే. నా కోడలు చీర కట్టలా. సీసా తీయలా. నేనన్నది అబద్ధం."

"అత్తాకోడండ్లు రైల్లో కూచోని కథ అల్లుకోని వచ్చినారేమో" అంది తల్లి.

"అల్లుకోని వచ్చింటే ముందు ఇద్దరూ ఒకటిగా మాట్లాడిందురు. ఈమె చూడు, కోడల్ని తానే ముంచింది" అని అవ్వ నన్ను చూపించింది. నాకు అనుకూలంగా అన్న మాటే అది. ఆ రోజు దానంత గట్టిగా నాకు ఏదీ తగల్లేదు.

తీర్పు కూడా అవ్వే చెప్పింది. "చీర ఈడనే ఉండనీ. నీడన ఎనిమిది దినాలు ఆరేయండి. వాసన పోతే ముహూర్తానికి. పోకుంటే తిరిగిస్తాం. ఏమప్పా, కత్తెర లోపల పెట్టు." టైలర్ పెట్టేశాడు. పెళ్లికూతురు మెల్లిగా నా దగ్గరికి వచ్చి చెయ్యి వాసన చూసి, "నాకు బాగుండాది. యాడ దొరుకుతాది అవ్వా?" అంది. వాళ్లమ్మ ఆ పిల్లను కళ్లతోనే వెనక్కి లాగింది.

తిరుగు రైల్లో నేనే అడిగాను. "సీసాలో అత్తరు ఎట్ల తగ్గింది?"

"మొదట దినానికి ఒకసారి పూసుకుంటివి. ఇప్పుడు నాలుగుసార్లు పూసుకుంటాండావు."

"నాకు వాసన తగ్గినట్టుండె."

"నీ ముక్కుకు తగ్గింది. మాకు తగ్గలా."

"చెప్పొచ్చు కదా. చీర ఒళ్లో పెట్టుకున్నప్పుడన్నా చెప్పొచ్చు కదా."

"మల్లెపూలు తీసేసినప్పుడు నేనేమన్నా చెప్పినానా?" అంది, కిటికీలోంచి బయటికి చూస్తూ.

పెనుకొండ స్టేషన్ వచ్చింది. రైలు ఆగి, కదిలింది. "ఇప్పుడన్నా చెప్పు. ఎట్లుండాది వాసన?"

"కంపే అత్తా. కానీ నువ్వు ఏ గదిలో ఉండావో తెలుస్తాది. అది మంచిదే."

ఎందుకు మంచిదో నేను అడగలేదు.

తొమ్మిదో రోజు వాళ్లనుంచి ఫోన్ వచ్చింది, చీర ఉంచుకుంటున్నామని. తర్వాత పెళ్లి ఫోటో ఒకటి పంపారు. రంగు మాదే, అంచు మాదే. కొంగు సగం పూలదండ కింద ఉంది. ఫోటోకు వాసన ఉండదు. ఇంకో మగ్గం నుంచి అట్లాంటిదే ఇంకొకటి తెచ్చుకున్నారేమోనని నాకు ఇప్పటికీ మనసులో ఒక మూల అనుమానం ఉంది. "మనదే అత్తా, నా చేతిపని నాకు తెలీదా?" అంటుంది కోడలు. ఆమె మాట ఈసారి నమ్ముదామనుకున్నాను.

అత్తరు పూసుకోవడం మానలేదు. చీర మగ్గం దిగిన ఆ రెండు రోజులు మాత్రం సీసా కోడలి దగ్గర ఉంటుంది. తిరిగి ఇచ్చేటప్పుడు చూశాను, నా ఎర్ర దారం కింద ఇంకో దారం ఉంది. పచ్చది. సీసా తీసుకున్నప్పుడు అత్తరు ఎంతవరకు ఉందో అక్కడ ఆమె కట్టింది.

నా కోడల్ని దొంగ అని నేనన్నప్పుడు విన్నవాళ్లు ఎవరో ఇక్కడ రాసిపెడుతున్నాను. పేర్లు రాయను, వరసలు చాలు. పెళ్లికూతురి తల్లి. మంచం మీద పెళ్లికూతురి అవ్వ. ఆమె కాళ్ల దగ్గర పెళ్లికూతురు. కత్తెర పట్టుకున్న టైలర్. చాప మీద నేను. నా పక్కన, ఏ తప్పూ చేయని మా కోడలు.