దూది పెట్టని భుజం

కోట్లు కుట్టడం మానేసిన ఏడాదికి టైలర్ గారు ఆయిల్ పెయింటింగ్ క్లాసులో చేరారు. అందరికంటే ముందొచ్చి, ఉక్కపోస్తున్నా సొంతంగా కుట్టుకున్న కోటు విప్పకుండా కూర్చుని, కుంచెను సూదిలా పట్టుకుంటారు. గోడమీది పాత బొమ్మలో చొక్కా లేని మనిషి ఒకడు వీపు చూపిస్తూ కూర్చుని ఉంటాడు. వాణ్ణి ఉన్నది ఉన్నట్టు దించడమే పాఠం. ఒక పూత ఆరితే గాని మరో పూత వేయకూడదు గనక ఆ ఒక్క వీపుకే మూడు నెలలు పట్టింది. తీరా అయిందనుకున్నాక, మనవరాలి ఈడు టీచర్ వచ్చి రెండు బొమ్మల్నీ మార్చి మార్చి చూసింది.

"తాతగారూ, అసలు బొమ్మలో ఎడమ భుజం కిందికి జారింది. మీరు రెండూ సమానం చేసేశారు."

టైలర్ గారు నాలుక కరుచుకున్నారు. "చేతి అలవాటమ్మా! ఒక భుజం దిగినవాళ్లు ఎంతమంది వచ్చేవాళ్లో. లోపల కాస్త దూది పెట్టి కుట్టేస్తే మూడో కంటికి తెలిసేది కాదు."

"పర్లేదులెండి, బానే ఉంది. వదిలేయండి."

పర్లేదనిపించుకున్న కోటును ఆయన ఏనాడూ కొట్టు గడప దాటనివ్వలేదు. చాకు తీసుకుని, పై పూత ఇంకా పచ్చిగా ఉన్న భుజాన్ని కాన్వాసు గుడ్డ కనిపించేదాకా గీకిపారేశారు.

"ఈసారి దూది పెట్టను," అంటూ లేచి, కోటు విప్పి కుర్చీకి తగిలించి, మళ్లీ బొమ్మ ముందు కూర్చున్నారు.

టీచర్ వెనక నిలబడి చూసింది. పల్చటి చొక్కాలో ఆయన ఎడమ భుజం, బొమ్మలో మనిషిదిలాగే, కిందికి జారి ఉంది.